బండ వేషం నాడు చూసినవాడు

మే 19

నా పేరు పోలేరమ్మ. చదువు రాదు. భయపడటం కూడా రాదు. తిరుపతిలో తాతయ్యగుంట దగ్గర ఒంటి కాపురం. ఈ ఫోనులో నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుంది, మళ్ళీ నొక్కితే చదివి వినిపిస్తుంది అని లాయరు ప్రశాంతి చేసిపెట్టింది. "నీకు తెలిసిందంతా తేదీలవారీగా చెప్పుకో అవ్వా, అందులో కోర్టుకు కావలసింది నేను ఏరుకుంటాను" అంది. కోర్టు చెవిన పడే మాట కదా అని రేడియోలో వార్తలు చెప్పినట్టు చెబుతున్నాను. విని విని ఆ భాష నాకు పట్టుబడింది.

నా కేసు ఇది. నా తమ్ముడు మునిచంద్ర చనిపోయినట్టు ప్రకటించమని వాడి పెళ్ళాం కుప్పమ్మ చిత్తూరు కోర్టులో దావా వేసింది. ఏడేళ్ళు మనిషి జాడ లేకపోతే పోయినట్టే లెక్క అని చట్టంలో ఉందట. అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పుకోవచ్చని పేపర్లో వేస్తే పక్కింటి చంద్రకాంతమ్మ చదివి చెప్పింది. నాకు అభ్యంతరం ఉంది. వాడు బతికే ఉన్నాడు. పోయిన వారం జాతరలో నా ఈ రెండు కళ్ళతో చూశాను.

మా అమ్మ పోయేటప్పటికి వాడు చంకలో పిల్లాడు. ఆ చంక నాదే. వాడికి అమ్మవారు పోసి ఒళ్ళు నిప్పులా కాలిపోతుంటే, బతికిస్తే ఏడాదికొకసారి బండ వేషం కట్టిస్తానని గంగమ్మకు మొక్కుకున్నది నేనే. జాతరలో ఆ వేషం రోజు మొక్కున్న మగవాళ్ళు ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, వేపమండ పట్టుకుని, ఎదురుపడినవాళ్ళనల్లా తిట్టుకుంటూ గుడికి పోతారు. ఆ తిట్లకు ఎవరూ కోపం తెచ్చుకోరు. పెళ్ళయి పలమనేరు దారిలో కుప్పమ్మ ఊళ్ళో ఉండిపోయినా, వాడు వేషం ఎన్నడూ తప్పలేదు. ఇల్లు విడిచి పోయేదాకా తప్పలేదు. శ్రీకాళహస్తిలో పని ఉందని బస్సెక్కాడు, అంతే. ఎందుకు పోయాడో నాకు తెలుసు. కుప్పమ్మ నోరు భరించలేక పోయాడు.

ఇక చూసిన సంగతి. జనంలోంచి ఎర్రగా ఒకడు నా మీదికే వచ్చాడు. వాడి ఎత్తే. ఎడమ కాలు ఈడ్చే ఆ నడకే. వేపమండతో నా నెత్తిన ఒకటి వేసి, "ఏమే ముసిల్దానా, నీ ముక్కేమి జారిపొయ్యిన దోశ మాదిరుండాది!" అన్నాడు. చిన్నప్పటి నుంచి నా ముక్కును తిట్టే హక్కు ఈ భూమ్మీద ఒక్కడికే ఉంది. పసుపు నీళ్ళు వాడి పాదాల మీద పోశాను. చేతిలో పొంగలి పెట్టాను. "తానం సేసి ఇంటికి రా నాయనా. ఆకేసి పెట్టుకోనుంటా" అన్నాను. "అట్లే అక్కా" అన్నాడు.

పేరు పెట్టి ఎందుకు పిలవలేదని కోర్టు అడుగుతుంది. వేషంలో ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలవకూడదు, నువ్వెవరని అడగకూడదు. కుంకుమ కడుక్కునేదాకా వాడు అమ్మవారి మనిషి. మా ఇంటి పట్టింపు అది. అందుకే అడగలేదు.

ఆ పూట రాగిసంగటి చేశాను, వాడికి ఇష్టమని చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి నూరాను. రాలేదు.

మే 20

వేసిన ఆకు ఎండిపోయింది. ఇంకా తీయలేదు.

మే 23

చిత్తూరు పోయి వచ్చాను. ప్రశాంతి మంచి పిల్ల, కానీ ప్రశ్నలు మాత్రం సూదితో గుచ్చినట్టు అడుగుతుంది.

"అవ్వా, ఆయన్ని నువ్వు చూసినావా, చూసినాననుకున్నావా?"

"రెండూ ఒకటే గదా పాపా."

"ఒకటి కాదవ్వా. ఆ పక్క లాయరు లేసి అడుగుతాడు. మొగం నిండా కుంకుమ, ఒళ్ళు నిండా కుంకుమ, పేరు అడగలేదు, ఇంటికి రాలేదు. ఆయనే అని నీకెట్ల తెలుసు అంటాడు."

"నీ తల్లి నీ తల్లేనని నీకెట్ల తెలుసు?"

నవ్వింది. "నన్నడిగినావు సరే, జడ్జీని అడగబాకు. లోపలేసేస్తారు."

నవ్వుతూనే చెప్పింది: తెలిసినది ఒక పక్కన పెట్టు, అనుకున్నది ఒక పక్కన పెట్టు, కోర్టుకు మొదటి కుప్పే కావాలి. ఎంత గట్టిగా అనుకున్నా అనుకున్నది తెలిసినది కాదు. ఆ ఎర్రమనిషి ఎవరో వెతికి పట్టుకోగలిగితే మన పని అయినట్టే అంది.

బయట వరండాలో కుప్పమ్మ కూర్చుని ఉంది. తలలో పూలు లేవు. నుదుట బొట్టు ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"ఏమ్మే కుప్పమ్మా, బతికుండే మొగుణ్ణి కాగితంలో సంపేదానికి వొచ్చినావా?"

"నువ్వు తిట్టు వదినా. నీ తిట్లు ఇన్నాళ్ళుగా మోస్తానే ఉండా."

"నేను సూసినా వాణ్ణి. జాతర్లో."

కుప్పమ్మ తల ఎత్తింది. ఆ చూపు నాకు ఇంకా కళ్ళ ముందు ఉంది. దాహమైనవాళ్ళు బిందె వైపు చూసినట్టు చూసింది.

"నిజంగానా?"

"నిజంగానే."

"అయితే తోడుకోని రా వదినా. ఇప్పుడే కేసు సింపేస్తా." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పొద్దున్నే పూలమ్మి వొస్తాది. కొనాల్నా వొద్దా? తెల్దు. పెండ్లికి పోతే బొట్టుపెట్టే ఆడోళ్ళు నా కాడికి వొచ్చి సెయ్యి ఆపేస్తారు. పెట్టాల్నా వొద్దా? వాళ్ళకీ తెల్దు. ఆయన సచ్చినాడని నాకు సంతోసం కాదు వదినా. ఏదో ఒకటి తెలిస్తే సాలు."

నేను బస్టాండుకు వచ్చేశాను. బస్సుకు ఆలస్యమవుతుందని.

మే 26

ఎర్రమనిషిని వెతుకుతున్నాను. గుడి దగ్గర కుంకుమ అమ్మేవాళ్ళను అడిగాను. తప్పెట కొట్టేవాళ్ళను అడిగాను. "కాలీడ్చే బండోడా అవ్వా? మా ఈదిలోనే నలుగురుండారు" అని ఎకసెక్కం ఆడారు. తాగి ఉన్నారు. రేపు మళ్ళీ పోతాను.

మే 27

మళ్ళీ పోయాను.

మే 29

ఈ రోజు చెప్పడానికి ఏమీ లేదు.

జూన్ 2

మొన్న ఏమీ లేదన్నాను కదా. ఉంది.

తప్పెటవాళ్ళు చెప్పిన ఆనవాలు పట్టుకుని పోతే ఎర్రమనిషి దొరికాడు. కొర్లగుంటలో గ్యాసు స్టవ్వులు బాగుచేసే అంగడి. నేను పోయేసరికి వీపు ఇటు తిప్పి కూర్చుని బర్నరు తోముతున్నాడు. ఆ వీపు నా తమ్ముడిదే అనిపించింది. ఆ కాసేపు అక్కడే నిలబడి చూసుకున్నాను. పిలిస్తే తిరుగుతాడు కదా అని పిలవలేదు.

వాడే తిరిగాడు. నలభై ఏళ్ళ మనిషి. నల్లటి మీసం. చెంగల్రాయుడట.

"అవ్వా! పొంగలి పెట్టిన అవ్వ గదా నువ్వు? ఏం పొంగలవ్వా అది, నెయ్యి మోసేతి దాకా కారింది!"

"కాలేమైనాది నీకు?"

"బండి మీద నుంచి పడినా. రేణిగుంట రోడ్డులో."

"నా ముక్కును ఎందుకు తిట్టినావు?"

తల గోక్కున్నాడు. "ఆడోళ్ళ ముందర వేరే బూతులు నోటికి రావవ్వా. అందుకే అందరికీ ముక్కునే తిడతా. కోపమొచ్చిందా? జాతర గదా!"

"ఇంటికి రమ్మంటే అట్లే అక్కా అంటివే?"

"వేసంలో ఉంటే ఎవురేమి అడిగినా కాదనకూడదని మా నాయన సెప్పినాడు. యాడో నొచ్చుకున్నట్టుండావు. ఏమైనాదవ్వా?"

చెప్పాను. ఎందుకు చెప్పానో మరి. వాడు స్టూలు తుడిచి నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. తాగలేదు. తాగాను. సగం తాగాను.

జూన్ 4

నేను చూశాను. నేను చూశాను అన్న మాట అబద్ధం కాదు. ఆ రోజు కుంకుమ పూసుకున్నవాడు చెంగల్రాయుడు ఒక్కడే కాదు. నా చేత పొంగలి పెట్టించుకున్నవాడు వీడే కావచ్చు. వీడికి ముందు, వీడికి తరువాత, ఇంకొకరిని చూసి ఉంటాను. తమ్ముడిని చూడకుండానే లోపల అంత వెలుగు ఎట్లా పుడుతుంది? ఆ వెలుగు అబద్ధమా?

ప్రశాంతి ఫోను చేస్తే, ఆ మనిషి ఇంకా దొరకలేదన్నాను.

జూన్ 8

పదహారో తేదీ వాయిదా. బోనెక్కి దేవుని మీద ప్రమాణం చేసి, చూశాను అని చెబుతాను. కోర్టు వాణ్ణి చంపేస్తే ఇక వాడు వచ్చినా ఎక్కడికి వస్తాడు? కుప్పమ్మ బొట్టు తీసేస్తుంది. ఊరివాళ్ళు దర్భలతో బొమ్మ చేసి తగలబెట్టి కర్మ చేయిస్తారు. ఆ తరువాత వాడు గుమ్మంలో నిలబడితే దయ్యమని తలుపేస్తారు. నేను తలుపేయను. కానీ నేనెన్నాళ్ళుంటాను?

చెబుతాను. గట్టిగా చెబుతాను.

జూన్ 9

చిన్నప్పుడు వాడికి నా వేలు పట్టుకోనిదే నిద్ర వచ్చేది కాదు. ఈ చెయ్యి చూపుడు వేలు. ఇది కోర్టుకు కాదు.

జూన్ 11

చెంగల్రాయుడు ఇంటికి వచ్చాడు. గుమ్మంలో కాలు ఈడ్చే చప్పుడు విని ఒక్క క్షణం నేను... పోనీ. వాడు ఫోను తెచ్చాడు.

"అవ్వా, మా సావాసగాడు నా వేసం వీడియో తీసినాడు. నీ తమ్ముణ్ణి ఆ దినం జాతర్లో సూసినానంటివి గదా, దీంట్లో ఏమైనా కనపడతాడేమో సూడు. నువ్వు పొయ్యినప్పట్నుంచి నాకు అన్నం సయించలేదు."

చూశాను. ఎర్రగా వాడు ఎగురుతున్నాడు. తప్పెట్ల మోత. ఎదురుగా ఒక ముసలిది, పసుపు నీళ్ళ చెంబుతో. అది నేనే. ఎంత ముసలిదాన్నయిపోయానో అప్పుడే చూసుకున్నాను. నా వెనక, పక్కగా, అంబలి పోసే పందిరి. అక్కడ వెలిసిపోయిన నీలం చొక్కా వేసుకుని, భుజాన తుండుతో ఒకడు గరిటెతో అంబలి పోస్తున్నాడు.

"ఆపు" అన్నాను.

కుంకుమ లేదు. వేషం లేదు. మొగం మొగంగానే ఉంది. జుట్టు తెల్లబడింది, బుగ్గలు పీక్కుపోయాయి, పై పెదవి మీద అమ్మవారి మచ్చ అట్లాగే ఉంది. నా మునిచంద్ర.

చెయ్యి చాపితే అందేంత దూరం. నేను వాడికి వీపు పెట్టి నిలబడి ఇంకెవరికో పొంగలి తినిపిస్తున్నాను.

"ఇంక పోనీ" అన్నాను. చెంగల్రాయుడు నొక్కాడు. వీడియోలో నా గొంతు వినబడింది: ఇంటికి రా నాయనా, ఆకేసి పెట్టుకోనుంటా. పందిట్లో వాడి గరిటె ఆగిపోయింది. అంబలి తపేలాలో పడకుండా నేల మీదికి కారుతోంది. వాడు నన్నే చూస్తున్నాడు. పెదవి కదిలింది. ఒక అడుగు ఇటు వేశాడు. తరువాత ఏమనుకున్నాడో గరిటె పక్కవాడి చేతిలో పెట్టి, తుండు తల మీదుగా మొగం కనబడకుండా కప్పుకుని, ఎడమ కాలు ఈడ్చుకుంటూ జనంలో కలిసిపోయాడు.

చెంగల్రాయుడు ఏడ్చాడు. నేను ఏడవలేదు. వాడికి మజ్జిగ ఇచ్చాను.

జూన్ 12

అంబలి పందిరి వేసినవాళ్ళను పట్టుకున్నాను. మునిరామయ్య అనే పెద్దమనిషి. "జాతర్లో ఎవురో ఒకరు వొస్తారమ్మా, పున్నెమని గరిటె పట్టుకుంటారు, పోతారు. పేరు ఎవురడుగుతారు?" అన్నాడు. ఆయన మీద అరవబోయి ఊరుకున్నాను. నేను మాత్రం అడిగానా?

జూన్ 13

ప్రశాంతికి అంతా చెప్పాను. మొదట దొరకలేదని అబద్ధం చెప్పిందీ చెప్పాను. తిట్టలేదు. వీడియోలోంచి తమ్ముడి మొగం ఒక్కటి తీసి ఫోటో కొట్టించింది. ఇది చాలు అంది. ఆ పిల్ల మొగంలో సంతోషం.

"చూసినావా అవ్వా, నువ్వు మొదట్నించీ చెప్పిందే నిజమైంది! ఆయన బతికే ఉండాడు, ఆ రోజు జాతర్లోనే ఉండాడు. నీకు తెలుసు."

"నాకు తెల్దు పాపా."

"అదేందవ్వా? అక్షరం పొల్లు పోకుండా నిజమైంది గదా."

"మాట నిజమైంది. నాకు మాత్రం తెల్దు. తెలిసుంటే పక్కకు తిరిగుందును గదా."

ప్రశాంతి కళ్ళజోడు తీసి చేతిలో పెట్టుకుంది.

బస్సులో దారంతా అదే ఆలోచన. నేను కోర్టులో ప్రమాణం చేసి చెప్పి ఉంటే, చెప్పిన మాట నిజమే అయ్యుండేది, చెప్పిన నేను అబద్ధాలదాన్నయ్యుండేదాన్ని. వాడు బతికి ఉన్నాడని ఇన్నేళ్ళూ గొంతు చించుకుని అరిచాను. అప్పుడు నాకు తెలిసి కాదు, అట్లా కావాలనుకున్నానంతే. ఇప్పుడు తెలిసింది. కావాలనుకున్నన్నాళ్ళూ నా లోపల వాడు వస్తూనే ఉండేవాడు. కాళహస్తి బస్సు దిగుతూ, సందు మలుపు తిరుగుతూ, గడియ తీస్తూ. తెలిశాక వాడు ఒక్క పనే చేస్తున్నాడు. తుండు కప్పుకుంటున్నాడు.

కుప్పమ్మ నోటికి పోయాడని అన్నాను కదా. వీడియోలో కుప్పమ్మ లేదు. నా గొంతే ఉంది.

జూన్ 15

రేపు వాయిదా. కుప్పమ్మకు కోర్టులో కాదు, ఇంట్లోనే చూపించాలని పలమనేరు బస్సెక్కి దాని ఊరికి పోయాను. ఎక్కే ముందు చెంగల్రాయుడి చేత వీడియో నా ఫోనులో పెట్టించుకున్నాను. ఆపడం ఎట్లాగో నేర్చుకున్నాను. ఎక్కడ ఆపాలో దారి పొడుగునా చూసుకున్నాను. వాడు అడుగు ఇటు వేసే చోట.

కుప్పమ్మ ఆవు పొదుగు కడుగుతోంది. నన్ను చూసి చెయ్యి తుడుచుకుంది.

"తిట్టేదానికి ఇంత దూరం వొచ్చినావా వదినా?"

"కూర్సో. ఒకటి సూపిస్తా."

ఆవు పక్కనే, గడ్డి మీద కూర్చున్నాము. నొక్కాను. కుప్పమ్మ మొదట ఎర్రమనిషిని చూసి, "ఈయన కాదు వదినా" అంది. చెప్పకుండానే కనిపెట్టింది. నాకు ఇన్ని రోజులు పట్టినది అది ఒక్క చూపులో కనిపెట్టింది. నేను వేలుతో పందిరి చూపించాను. అది ఫోను లాక్కుని మొగానికి ఆనించుకుంది. వాడు గరిటె ఆపాడు, చూశాడు, అడుగు వేశాడు. ఆపేశాను.

"ఉండాడు" అంది కుప్పమ్మ. "సిక్కిపొయ్యినాడు. ఎవురు పెడతాండారో ఏమో." తెర మీద వాడి చొక్కాను బొటనవేలితో నిమిరింది. "గుండీ ఊడిపొయ్యింది సూడు వదినా." కేసు వద్దని లాయరుకు చెప్పేస్తానంది. ఏడుస్తూనే చెప్పింది.

తరువాత అడిగింది. "ఆ మిందట యాడికి పొయ్యినాడు?"

"వీడియో ఆడికే అయిపొయ్యింది."

"నిన్ను సూస్తాండాడే. నీ తట్టే సూస్తాండాడు."

నేను ఆవును చూస్తూ కూర్చున్నాను.

"వదినా, మతేమైనా పొయ్యిందేమో ఆయనకి. మతిపొయ్యినోళ్ళు యాడికో పోతారు, ఇల్లు మరిసిపోతారు. మాయమ్మ సివర్లో నన్నే ఎవురని అడిగింది. నువ్వెవురో, నేనెవురో ఆయనకి తెల్దేమో. అందుకే రాలేదేమో. అంతే గదా వదినా?"

కుప్పమ్మ మొగంలోకి చూశాను. ఎన్నేళ్ళుగానో ఏదో ఒకటి తెలిస్తే చాలన్న మనిషి. సగం చేతిలో పెట్టాను. రెండో సగం, వాడు నన్ను చూసి తుండు కప్పుకున్నది, నా కొంగులో ఉంది. ప్రశాంతి చెప్పిన మొదటి కుప్పలో, తెలిసినదాని కుప్పలో, నాకంటూ ఉన్నది అదొక్కటే. ఇంతకంటే గట్టిగా నాకు ఈ జన్మలో ఇంకేదీ తెలియదు.

"అంతేమ్మే," అన్నాను. "మనమెవురో వాడికి తెల్దు."